జమ్ములమ్మ పేరు మీద మాఫీ

దశరథం జైలు నుంచి తిరిగొచ్చిన రోజు మా వీధిలో పటాకులు కాల్చారు. జనవరి ఇరవై ఆరు కదా, బడిలో జెండా పండగ సందడేమో అనుకున్నాను. మా వదిన జమ్ములమ్మ కూడా అలాగే అనుకుని మగ్గం గుంటలోంచి లేవలేదు. ఆమె అత్త కాంతమ్మ మాత్రం బయటికి వెళ్ళి చూసి, గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చింది.

"దశరథం వచ్చిండే. జీపుల కెల్లి దిగిండు. మెడల దండలేసిండ్రు."

"ఏ దశరథం?"

"ఏ దశరథమేంది? నా కొడుకును సంపినోడు."

"గట్లెట్లొస్తడు అత్తా? వానికి యావజ్జీవమని జడ్జి చెప్పిండు గద" అని జమ్ములమ్మ మళ్ళీ పేక తోసే నాడె అందుకున్నది. రెండు మూడు పోగులు వేసినాక చేయి ఆగిపోయింది.

చనిపోయిన రామచంద్రయ్య మా పెదనాయన కొడుకు, నాకు అన్న. గద్వాలలో ఆ రోజుల్లో నేసేవాళ్ళం మేము, చీర సావుకార్లది. పట్టు, జరీ వాళ్ళే ఇస్తారు, నేసినాక వాళ్ళే తీసుకుపోతారు. మా వీధికి సావుకారు నారాయణ. మనమే ఒక సొసైటీ పెట్టుకుందాం, పట్టు మనమే తెచ్చుకుందాం అని మొదట అన్నది మా రామచంద్రయ్యన్న. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కానీ అన్న మాట వెనక్కి తీసుకునేవాడు కాదు. ఏడాది తిరిగేలోపు సగం వీధి ఆయన వెంట నడిచింది. నారాయణ తమ్ముడు దశరథం ఇంటింటికీ వచ్చి చీరలు తీసుకుపోయే పని చూసేవాడు. సొసైటీ వచ్చినాక చాలా ఇళ్ళ ముందు నుంచి ఉత్త చేతులతో వెళ్ళాల్సి వచ్చింది. అది వాడు ఓర్చుకోలేకపోయాడు.

ఎనభైల నడుమ, ఒక చలికాలం తెల్లవారుజామున, వీధి పొడుగునా పడుగు నూలు చాచి గంజి పెడుతున్నారు భార్యాభర్తలు. ఒక కొసన అన్న, ఇంకో కొసన వదిన. దశరథం నడిచి వచ్చి, ఏదో అడగబోయినట్టే దగ్గరికి చేరి, కత్తితో పొడిచాడు. అన్న పడుగు మీదే పడిపోయాడు. ఆ పడుగును ఎవరూ చుట్టలేదు. పొద్దు గుంకేదాకా వీధిలో అలాగే ఉన్నది.

వీధిలో అప్పటికి చాలామంది లేచి ఉన్నారు. మహబూబ్‌నగర్ కోర్టులో మాత్రం అందరూ అటు తిరిగి ఉన్నామనే చెప్పారు. జమ్ములమ్మ ఒక్కతే నిలబడింది. అంత మంచులో మనిషిని ఎట్లా గుర్తుపట్టావని దశరథం వకీలు అడిగాడు.

"ఇన్నేండ్ల సంది మా ఇంటికొచ్చి మా చీరలు తీస్కపోయిన మనిషి సారూ. గుర్తువట్టనా?" అన్నది.

ఆ ఒక్క సాక్ష్యం మీద యావజ్జీవం పడింది. పై కోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఆ తర్వాతి కొన్నేళ్ళు, ఇక ఆ కథ ముగిసిందనే అనుకున్నాం.

పటాకులు కాల్చిన మర్నాడు వదిన నన్ను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళింది. అక్కడున్న జమేదారు చెడ్డవాడు కాదు. కూర్చోమని బెంచీ చూపించాడు.

"పారిపోయి రాలేదమ్మా. గవర్నర్ సాబ్ మాఫ్ చేసిండు. పండగకు కొందరిని ఇడిసిపెడ్తరు. అందుల వీని పేరున్నది. మేమేం చేస్తం?"

"గవర్నరంటే ఎవరు?"

ఆయన నా వైపు చూశాడు. దారిలో నేనే చెప్పాను. రాష్ట్రానికంతటికీ పెద్ద, హైదరాబాద్‌లో ఉంటాడు, కోర్టు వేసిన శిక్షను కూడా తగ్గించే అధికారం ఆయనకుంటుంది అని.  ఇంటి దగ్గరికి వచ్చాక ఆమె అడిగింది.

"సచ్చింది నా మొగడు. మాఫ్ చేసింది ఆయన. నడుమ నన్నెవరన్న అడిగిండ్రా?"

ఆ గవర్నర్ గురించి నేను పేపర్లో చదువుతూనే ఉండేవాణ్ణి. ఉత్తరాది మనిషి. తెల్లవాళ్ళ కాలంలో తానూ జైల్లో ఉన్నవాడు. గవర్నర్‌గా వచ్చిన కొత్తలోనే జైళ్ళు తిరిగాడు, ఖైదీల పక్కన కూర్చుని వాళ్ళ జొన్న రొట్టె తిన్నాడు. క్షయ పట్టినవాళ్ళనూ, నడవలేని ముసలివాళ్ళనూ ఇళ్ళకు పంపించాడు. కడుపు కాలి దొంగతనం చేసిన ఆడమనిషిని ఆయన విడిపించిన సంగతి చదివి నేను మెచ్చుకున్నాను. అటువంటి మనిషి చేతి మీదుగా దశరథం బయటికెట్లా వచ్చాడో నాకు అర్థం కాలేదు. నారాయణ అన్ని పార్టీల వాళ్ళకూ కావలసినవాడు. ఎన్నికలకు జీపులు పెట్టేవాడు. అంతకు మించి మాకు తెలిసిందేమీ లేదు.

ఇద్దరం చిన్న పట్టాల రైలెక్కి హైదరాబాద్ పోయాం. రాజ్‌భవన్ గేటు దగ్గర సిపాయి లోపలికి పోనివ్వలేదు. అర్జీ రాసి ఇస్తే తీసుకున్నాడు. ఆమె ఆ గేటు ఎదుట చెట్టు నీడన మధ్యాహ్నం దాకా కూర్చుంది. కార్లు వస్తున్నాయి, పోతున్నాయి.

"ఎవరు ఆయన?" అని ఒక్కో కారుకు అడిగింది.

"తెల్వదు వదినా."

ఆ అర్జీకి జవాబు రాలేదు. ఇక్కడ గద్వాలలో దశరథం మళ్ళీ పాత పనిలో కుదురుకున్నాడు. రోజూ జమ్ములమ్మ గడప ముందు నుంచే నడిచేవాడు. ఆమెను ఒక్క మాట అనలేదు, అనాల్సిన పనే లేదు. వాడు వీధిలో కనిపిస్తే చాలు, సొసైటీ సభ్యులు ఒక్కొక్కరే నారాయణ పట్టు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళను నేను తప్పుపట్టలేను. పిల్లలున్నవాళ్ళు. కాంతమ్మ పెద్దమ్మ బయట అరుగు మీద కూర్చోవడం మానేసింది. తలుపు మూసుకుని చీకట్లోనే ఉండేది. ఆ ఎండాకాలం తిండి తగ్గిపోయి, మంచానపడి, వర్షాలు రాకముందే చనిపోయింది. పాడె కదిలేటప్పుడు దశరథం వీధి చివర నిలబడి చూశాడు. ఆ రోజు జమ్ములమ్మ ఏడవలేదు. వాడి వైపు తిరిగి, పాడె వెళ్ళిపోయేదాకా అలాగే నిల్చుంది.

ఆ తర్వాతి ఏడు గవర్నర్ గద్వాల వస్తున్నాడన్నారు. చేనేత సభ. ఆయన భార్యకు మన ఊరి చీర ఒకటి నేసినవాళ్ళ చేతనే ఇప్పించాలని చేనేత శాఖ వాళ్ళు అనుకున్నారు. సొసైటీలో మిగిలిన కొద్దిమంది తరఫున వచ్చిన చీరల్లో ఒకటి వాళ్ళకు నచ్చింది. పాలతెలుపు నూలు ఒళ్ళు, చింతపండు రంగు పట్టు కొంగు. అది జమ్ములమ్మ నేసింది. వచ్చిన అధికారి మహబూబ్‌నగర్ నుంచి కొత్తగా వచ్చినవాడు, ఆమె ఎవరో తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పలేదు.

ముందు రోజు నేనే వెళ్ళి అడిగాను. "వదినా, చీర ఇచ్చి దిగుతవా, ఏమన్న మాట్లాడ్తవా?"

"చీర ఇస్త" అన్నది. అంతకు మించి అనలేదు.

షామియానా కింద జనం నిండిపోయారు. ముందు వరసలో నారాయణ జరీ కండువాతో కూర్చున్నాడు. గవర్నర్ బక్కపలచని ముసలాయన, ఖద్దరు కోటు, చేతికర్ర. పేరు పిలవగానే జమ్ములమ్మ మెట్లెక్కింది. పళ్ళెంలోని చీరను గవర్నర్ భార్య చేతికిచ్చింది. ఫోటోవాళ్ళు చుట్టుముట్టారు. ఇక దిగిపోవాలి. దిగలేదు. గవర్నర్ ముందుకు వెళ్ళి నిల్చుంది.

"అయ్యా, నా పెనిమిటిని కత్తితో పొడిసి సంపినోన్ని మీరు ఇడిసిపెట్టిండ్రు. నన్నడిగిండ్రా?"

మైకు దగ్గరగా ఉండటం వల్ల ఆ మాట అందరికీ వినిపించింది. గవర్నర్‌కు తెలుగు రాదు. పక్కనున్న పెద్ద అధికారి వైపు చూశాడు. ఆ అధికారి వంగి, మీరు రావడం మా అదృష్టమని చెబుతోంది అని ఇంగ్లీషులో అన్నాడు. గవర్నర్ నవ్వి, ఆశీర్వదిస్తూ ఆమె తల మీద చేయి పెట్టాడు.

ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ నవ్వు చూసి, తన మాట ఆయనకు చేరలేదని అర్థమైంది. తల మీది చేతిని మెల్లగా తీసేసింది. మా పక్క వీధి తురకల ఇళ్ళతో మాట్లాడి నేర్చుకున్న ఉర్దూలో అదే మాట మళ్ళీ అడిగింది.

"సాబ్, మేరే మరద్‌కు మారే సో ఆద్మీకు తుమే ఛోడ్ దియే. మేరేకు పూఛే క్యా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. అధికారి ఆమె జబ్బ పట్టుకోబోతే గవర్నర్ కర్ర ఎత్తి ఆపాడు. చచ్చిపోయిన మనిషి పేరు అడిగాడు, చంపినవాడి పేరు అడిగాడు. ఆమె రెండూ చెప్పింది.  తర్వాత ఆమెతో హిందీలో నెమ్మదిగా అన్న మాట, మొదటి వరసల్లో ఉన్న మేమందరం విన్నాం.

"రెండు ఇళ్ళ మధ్య రాజీ కుదిరిందని నాకు చెప్పారమ్మా. మీరే క్షమించారని చెప్పారు."

"నేనా?" అన్నది జమ్ములమ్మ. 

నారాయణ లేచి బయటికి వెళ్ళిపోయాడు. గవర్నర్ ఆ రోజు ఉపన్యాసం ఇవ్వలేదు. అనారోగ్యమని సభ ముగించారు.

నెల లోపల హైదరాబాద్ నుంచి ఇద్దరు వచ్చి ఆమె చెప్పింది రాసుకుని వెళ్ళారు. గవర్నర్ గారే పంపించారన్నారు. ఆ కొన్నాళ్ళు దశరథం వీధిలోకి రాలేదు. జమ్ములమ్మ మళ్ళీ తలుపు తీసి, అరుగు ఊడ్చి, ముగ్గు వేసింది. అంతలో ఢిల్లీలో సర్కారు మారింది. ఆ గవర్నర్‌ను వేరే రాష్ట్రానికి పంపించారు. పేపర్లో సగం పేజీ రాశారు. ఆయన తెరిపించిన బడుల గురించి, జైళ్ళలో వేయించిన పంకాల గురించి, ఎందరో ఖైదీలకు పెట్టిన ప్రాణభిక్ష గురించి. వదిన చదివి వినిపించమంటే వినిపించాను.

"గద్వాల సంగతి రాసిండ్రా?"

"రాయలే."

ఆ ఇద్దరూ మళ్ళీ రాలేదు. వనపర్తిలో రామేశ్వరమ్మ అనే వకీలు ఉండేది. ఆమె హైకోర్టులో వేద్దామన్నది. గవర్నర్ మాఫీని కోర్టు ఎట్లా ప్రశ్నిస్తుందని తోటి వకీళ్ళు నవ్వారట. అబద్ధం చెప్పి తెచ్చుకున్న మాఫీ మాఫీయే కాదు, అదే అడుగుదాం అన్నదామె. కేసు ఏళ్ళు నడిచింది. సొసైటీ అప్పటికే మూతపడింది. నారాయణ పట్టు జమ్ములమ్మ ముట్టలేదు, మిగతా సావుకార్లు ఆమెకు ఇవ్వలేదు. మా ఇంట్లో, వేరే సావుకారు నా పేరున ఇచ్చిన పట్టుతో, ఒక మగ్గం మీద నాతోపాటు కూర్చుని నేసేది. పల్లీల కాలంలో కోడేరు దగ్గరున్న చెల్లెలింటికి పోయి కూలి చేసి వచ్చేది.

చివరికి కోర్టు ఆ మాఫీని కొట్టేసింది. చనిపోయినవాని భార్య ఒప్పుకున్నదని అబద్ధం చెప్పి గవర్నర్‌ను తప్పుదారి పట్టించారని చెప్పింది. దశరథాన్ని మళ్ళీ జైలుకు తీసుకెళ్ళారు. కావాలంటే సర్కారు నిజాలు తెలుసుకుని మళ్ళీ ఆలోచించుకోవచ్చని కూడా అందులో ఉన్నది. ఆ వాక్యాన్ని మేమెవరం పట్టించుకోలేదు, రామేశ్వరమ్మ తప్ప.

రెండేళ్ళకు ఒక పోలీసు అధికారి మా వీధికి వచ్చాడు. కుర్చీ వేయించుకుని, పది మంది ముందు జమ్ములమ్మను పిలిచాడు. దశరథానికి గుండె జబ్బు, జైల్లో నడత బాగున్నది, విడిచిపెడితే నీకేమైనా అభ్యంతరమా అని అడిగాడు.

"ఉన్నది" అన్నది జమ్ములమ్మ. "ఇడువొద్దు. నేను మాఫ్ చెయ్యలే. గిదే రాయుండ్రి."

ఆయన అలాగే రాసి, చదివి వినిపించి, ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు.

కొత్త గవర్నర్ పేరు మీద, ఆ తర్వాత వచ్చిన ఆగస్టు పదిహేనుకు దశరథాన్ని మళ్ళీ విడిచిపెట్టారు. ఈసారి అంతా పద్ధతి ప్రకారమే జరిగింది, కోర్టుకు వెళ్ళినా లాభం లేదని రామేశ్వరమ్మ కబురు పంపింది. వాడు బస్సు దిగి, దగ్గుకుంటూ, ఒక్కడే నడిచి ఇంటికి పోయాడు.

ఆ మాట నేనే చెప్పాను.  మగ్గం మీదున్న జమ్ములమ్మ విని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇన్నేండ్లు తిరిగి ఏమొచ్చింది వదినా?" అన్నాను. నాకే దుఃఖం ఆగలేదు.

"మొదాలు వాణ్ణి నా పేరు మీద ఇడిసిండ్రు జంగయ్యా. నేను మాఫ్ చేసిన్నని ఊరంత నా ఎనకంగ అనుకున్నది. మా అత్త గూడ సచ్చేముందు అడిగింది, నువ్వు ఒప్పుకున్నవా బిడ్డా అని. ఎందుకడిగిందో గప్పుడు నాకు సమజ్ గాలే, సభల గవర్నర్ చెప్పినంకనే తెలిసింది. ఇప్పుడు అడిగిండ్రు, ఒద్దన్న. ఒద్దన్నంక గూడ ఇడిసిండ్రంటే గది వాళ్ల మీదున్నది, నా మీద లేదు."

కాంతమ్మ పెద్దమ్మ అలా అడిగిందని నాకు అప్పటిదాకా తెలియదు.

దశరథం ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. జమ్ములమ్మ వాడి చావుకు పోలేదు, వాడు పోయాడని సంతోషపడనూ లేదు. కళ్ళు సన్నగిల్లి జరీ పోగు కనిపించకుండా పోయినాక మగ్గం దిగి, కోడేరు దగ్గర చెల్లెలింటికి వెళ్ళిపోయింది. అక్కడ ఆమెను ఎవరూ సాక్షిగానో, కేసు మనిషిగానో ఎరగరు. పల్లీలు వొలిచే పెద్దామెగానే ఎరుగుదురు. నేను చివరిసారి చూసినప్పుడు గద్వాల సంగతులేవీ అడగలేదు. ఈసారి వానలు బాగున్నాయా అని మాత్రం అడిగింది.