తాపీకి పళ్ళు

రాష్ట్రం రాకముందు మాట. నాచారంలో ఒకరింటి బాత్రూంకి టైల్స్ వేసే పనిని నేనూ మా బావా చెరో గోడ పంచుకున్నాం. సిమెంటు వద్దని ఇంటాయన టైల్స్ అతికించే గమ్ము పొడి బస్తాలు తెప్పించాడు. గమ్ముతో పని మాకు అదే మొదలు. బావ టైలు వెనక నాలుగు మూలలా, నడుమా ముద్దలు పెట్టి గోడకు అదిమేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ముద్దల మధ్య అంతా బోలే కదా!

మల్లాపూర్‌లో ఒక వర్క్‌షాపుకు పోయి, నా తాపీ అంచుకు రంపానికున్నట్టు పళ్ళు కోయించుకొచ్చాను. గోడంతా గమ్ము పూసి, ఆ పళ్ళతో చాళ్ళు గీసి, మీద టైలు అదిమాను.

"ఏందిరా, గోడకు తల దువ్వుతున్నవా?" అని బావ పగలబడి నవ్వాడు.

"జర ఆగు బావా, నువ్వే సూస్తవు" అన్నాను.

గమ్ము ఆరాక ప్లంబర్ వచ్చి, టవల్ కడ్డీల కోసం రెండు గోడలకూ డ్రిల్లు పెట్టాడు. బావ టైలు టప్పున పగిలింది. నా టైలుకు గుండ్రంగా రంధ్రం పడింది, అంతే! నేను కావాలనే నా గోడంతా వేలితో కొట్టి వినిపించాను. ఎక్కడా డొల్ల మోత లేదు.

మర్నాడు పొద్దున వచ్చేసరికి నా తాపీ పెట్టినచోట లేదు. బాత్రూంలోకి తొంగిచూస్తే, బావ తన గోడ టైల్స్ ఊడబీకి, నా తాపీతో దానికి తల దువ్వుతున్నాడు.