శుక్రవారం సంత లేదు

పాఠం షంషున్నీసా చెప్పేది, సర్టిఫికెట్ మీద సంతకం రఘుపతి పెట్టేవాడు. పాలమూరు బస్టాండుకు దగ్గరి సందులో, కింద కిరాణా దుకాణం, పైన రెండు గదులు. అదే రఘుపతి నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్. గోడ మీది బోర్డులో 'బోధకులు' అన్న మాట కింద ఒకే ఒక్క పేరు, అతనిది. రోజూ పొద్దున తాళం తీసి, తడిగుడ్డతో ఆ బోర్డు తుడిచేది మాత్రం షంషున్నీసా. తన పేరు లేని బోర్డును ఏళ్ళ తరబడి తుడుస్తుంటే మనసులో ఏముంటుందో ఆమెను పెద్దగా ఎవరూ అడగలేదు. నేర్చుకునే పిల్ల ఒకతె ఒకసారి అడిగితే, "సార్‌ది ఇన్‌స్టిట్యూట్, సార్ పేరే ఉంటది. నాకేం తక్కువైంది" అని గుడ్డ పిండుకుంది.

ఆమెది మక్తల్. తండ్రి ఫక్రుద్దీన్ సంతల వ్యాపారి. చింతపండు, ఎండుమిర్చి, వెల్లిగడ్డ. ఒక సంతలో కొని ఇంకో సంతలో అమ్మేవాడు. సోమవారం ఒక ఊరు, మంగళవారం ఒక ఊరు, బుధవారం దేవరకద్ర. దగ్గరి ఊళ్ళకు సైకిలు, దూరపు ఊళ్ళకు బస్సు టాపు. వారంలో ఆరు సంతలు. శుక్రవారం ఒక్కటే సైకిలు గోడకు ఆనుకుని ఉండేది. మధ్యాహ్నం జుమ్మా నమాజుకు పోవాలి. ఆలోపల సంచులు దులిపి, చిరుగులు కుట్టి, చైనుకు నూనె పెట్టాలి. ఆ చిరుగులు కుట్టింది పదేళ్ళప్పటి నుంచీ షంషున్నీసానే. ఫక్రుద్దీన్‌కు చదువు రాదు. ఏ ఊళ్ళో ఏది చవక, ఏ ఊళ్ళో ఏది దొరకదు అన్నది కూతురికి అప్పజెప్పి, మరిచిపోతే మళ్ళీ ఆమెనే అడిగేవాడు.

పదో తరగతి పాసై, టైపు నేర్చుకుని, తొంభైలో ఆమె రఘుపతి దగ్గర పనికి చేరింది. తొంభై రెండులో అతను హైదరాబాదులో ఏదో ఆఫీసు వదిలించుకున్న రెండు పాత కంప్యూటర్లు తెచ్చాడు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. వాటితోపాటు ఒక డబ్బా నిండా ఫ్లాపీలు వచ్చాయి. ఒక ఫ్లాపీలో ఒక ఆట దొరికింది. దాని పేరు ఇంగ్లీషులో ఏదో ఉండేది గానీ, ఇన్‌స్టిట్యూట్‌లో అందరూ 'చుక్కల బేరం' అన్నారు. ఆకాశంలో తిరిగే చిన్న ఓడ ఒకటి ఇస్తారు. అందులో సరుకు వేసుకుని ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు పోవాలి. అక్కడ అమ్మాలి, అక్కడ చవకైంది కొనాలి. దారిలో దొంగలుంటారు. రఘుపతి రెండు రోజులు ఆడి, ఓడను పదిసార్లు పేల్చుకుని, "పిచ్చి ఆట" అని లేచిపోయాడు. షంషున్నీసా మాత్రం తెర వంక చూసి నవ్వుకుంది. అది ఆమెకు పుట్టింటి వ్యాపారం.

తొంభై నాలుగులో ఫక్రుద్దీన్ బస్సు టాపు మీంచి జారిపడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆమె ఏడాది పాటు మక్తల్‌లోనే ఉండిపోయింది. రఘుపతి ఒకరోజు బస్సెక్కి వచ్చి, మంచం పక్కన కూర్చుని, ముసలాయన చేయి పట్టుకుని, "నీ బిడ్డ నాకు చెల్లెలసుంటిది చాచా, ఫికర్ చేయకు" అన్నాడు. ఆ మాటను తండ్రీ కూతురూ ఇద్దరూ దాచుకున్నారు.

ఏడాది తర్వాత తిరిగొచ్చి ఆమె తన పాత ఫ్లాపీ పెట్టింది. అందులో ఆమె పాత ఓడ అట్లాగే ఉంది. పెద్ద ఇంజను, నిండా సరుకు. బయలుదేరిన రెండు నిమిషాలకు, సంతలోకి దూరబోయి గోడకు గుద్దుకుని ముక్కలైంది. ఓడ మారలేదు, చెయ్యి మరిచిపోయింది. ఆరోజు ఆమెకు ఒక సంగతి అర్థమైంది. మళ్ళీ మొదలుపెట్టడం కొత్తగా మొదలుపెట్టడం కంటే కష్టం. వచ్చనుకుంటాం గనుక.

అదే ఏడు కౌసల్య వచ్చింది. ఎనిమిదో తరగతిలో బడి మానిపించి ఇంట్లోవాళ్ళు పెళ్ళి చేస్తే, పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ పుస్తకం పట్టుకున్న మనిషి. కీబోర్డు దగ్గర కూర్చుని వేళ్ళు ఒళ్ళోనే పెట్టుకుంది.

"షంషక్కా, గీ డబ్బ ముట్టుకుంటె షాక్ కొడ్తదా?"

"అది కొట్టది. నువ్వు దాన్ని కొట్టకుంటె చాలు."

భయం పోగొట్టడానికి షంషున్నీసా ఆమెకు చుక్కల బేరం పెట్టింది. ఓడను సంతలోకి తోలడమే అందులో అన్నిటికంటే కష్టం. సంత అంటే ఆకాశంలో గిర్రున తిరిగే పెద్ద పెట్టె. దానికి ఒక సన్నటి నోరు.

"ఎదురుంగ పో. పక్కకెళ్ళి జొరబడితె గోడకు తగుల్తవ్. బస్సెక్కెటప్పుడు ఏం జేస్తవ్?"

"మోచేతులతోని తోస్త."

"ఈడ తొయ్యకు. జర ఆగు. అది తిరిగినట్లె నువ్వు గూడ తిరుగు. గప్పుడు మెల్లగ పో."

కౌసల్య ఓడ మళ్ళీ పేలింది.

"పొద్దుగాల్నుంచి నాలుగు ఓడలు మింగినవ్. ఇగ సద్దేం తింటవ్" అంది షంషున్నీసా. కౌసల్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అయిదో ఓడ లోపలికి పోయింది. ఆ సాయంత్రం కౌసల్య భయం లేకుండా తన పేరు టైపు చేసింది.

అట్లా మధ్యలో చదువు ఆగి మళ్ళీ వచ్చిన ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేరారు. అందరికీ నోటితో చెప్పలేక షంషున్నీసా ఒక రూళ్ళ నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టింది. అట్ట మీద 'మల్ల మొదలువెట్టెటోళ్ళకు' అని రాసింది. లోపల ఒక్కో పాఠానికి ఒక్కో వారం పేరు పెట్టింది, తండ్రి సంతల వరుసలో. పాత ఓడను ముట్టుకోకు, కొత్త ఓడతోని మూడు సంతలు తిరిగొచ్చినంకనే దాన్ని తియ్యి, అని సోమవారం పాఠం. తుపాకి కొనకు, ముందుగాల పోవుడు, వచ్చుడు, సంతల జొర్రుడు పదిమాట్ల చెయ్యి, అని మంగళవారం. గింజలు పండే చుక్కల గింజలు ఏస్కొని మిషన్లు చేసే చుక్కకు పో, వచ్చేటప్పుడు ఖాళీగ రాకు, అని బుధవారం. దొంగలొస్తే సరుకు ఇడిసిపెట్టి ఓడను కాపాడుకో, సరుకు మల్ల దొరుకుతది, అని ఇంకొక పాఠం. సర్కారు వద్దన్న సరుకును ఎంత లాభమున్నా ముట్టుకోవద్దు. కరెంటు పాలమూరు కరెంటు గనుక, సంతలో దిగిన ప్రతిసారీ ఆటను ఫ్లాపీలో దాచుకోవాలి.

చుక్కల ఇంగ్లీషు పేర్లు నోరు తిరగవని ఊళ్ళ పేర్లు పెట్టింది. గింజలు చవకగా దొరికే చుక్క దేవరకద్ర. దొంగలు ఎక్కువున్న చుక్కకు తన మేనత్త ఊరి పేరు పెట్టింది.

"గదెందుకక్కా?" అంది కౌసల్య.

"మా మేనత్తను జూస్తె ఎరుకైతది."

శుక్రవారం దగ్గర ఆమె నాలుగే మాటలు రాసింది. 'సంత లేదు. డీజిలు చూస్కో.' ఆ ఆటలో అసలు వారాలే లేవు. ఏ రోజయినా ఏ చుక్కకయినా పోవచ్చు. రాసేటప్పుడు ఆమెకు ఆ సంగతి తట్టనే లేదు. ఇంట్లో వారం అట్లా నడిచింది, పుస్తకంలోనూ అట్లాగే నడిచింది. కౌసల్య ఒకసారి అడిగింది కూడా.

"శుక్రారం ఆడితె ఏమైతది?"

"ఏం గాదు. సంచులు కుట్టుకునే దినం ఒకటి ఉండాలె గద."

తొంభై ఏడులో పాలమూరులో ఆడవాళ్ళకోసం ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం పెడుతున్నారని తెలిసింది. ఒక బోధకురాలో బోధకుడో కావాలి. నేర్పిన అనుభవం ఉండాలి, సొంతంగా తయారుచేసిన పాఠాలు తీసుకురావాలి. ఆ ఉద్యోగం వస్తే మొదటిసారి ఆమె పేరు ఒక బోర్డు మీదికి ఎక్కుతుంది. షంషున్నీసా దరఖాస్తు రాసుకుని, ముందుగా రఘుపతికే చూపించింది.

"మంచిగున్నది షంషూ. నీ నోటుబుక్కు ఇటియ్యి. ప్రెస్సుల అచ్చేయిస్త."

"టైపు నేనే చేస్కుంట గద సార్."

"చేతిరాతలు, టైపు కాయితాలు ఎవడు చూస్తడు? అట్ట ఏసి, రంగు బొమ్మ పెట్టి ఇస్తె రెండు చేతులతోని తీస్కుంటరు. చెల్లెకు అన్న ఇంత చెయ్యద్దా?"

ఆమె ఇచ్చింది. తర్వాత రెండుసార్లు అడిగింది. ఒకసారి ప్రెస్సాయన పెళ్ళికి పోయిండన్నాడు, ఒకసారి కరెంటు లేదన్నాడు. ఇంటర్వ్యూ రోజు వచ్చింది. ఆమె ఉత్త చేతులతో పోయింది.

కేంద్రం బాధ్యతలు చూసే జానమ్మ అనే పెద్దావిడ బల్ల వెనక కూర్చుని ఉంది. "నేర్పిన అనుభవం ఉన్నట్లు కాగితం ఏదమ్మా?" అంది. కాగితం లేదు. నేర్పిన వాళ్ళందరి సర్టిఫికెట్ల మీదా రఘుపతి సంతకమే. "పోనీ, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళకు ఎట్ల నేర్పుతవో చెప్పు" అంటే షంషున్నీసా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పాత ఓడ, కొత్త ఓడ, మూడు సంతలు. జానమ్మ ముఖం మెల్లగా ముడుచుకుంది. సొరుగులోంచి ఒక నీలం అట్ట పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు చెప్పేదంత ఇండ్ల ఉన్నది గదమ్మా. చదివి అప్పజెప్తున్నవా?"

అట్ట మీద రాకెట్టు బొమ్మ. కింద 'రచన: రఘుపతి'. ఈ ఉద్యోగానికే అతనూ దరఖాస్తు పెట్టాడు. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు, అతనికీ ఒక దారి కావాలి. ఆ దారి ఆమె వీపు మీదుగా వేసుకున్నాడు.

ఆమె పేజీలు తిప్పింది. తన మాటలన్నీ చొక్కా మార్చుకున్నాయి. 'ముట్టుకోకు' అన్నది 'స్పృశించరాదు' అయింది. మేనత్త ఊరు ఎగిరిపోయింది. దేవరకద్ర మిగిలింది. శుక్రవారం దగ్గర ఆమె వేలు ఆగింది. 'శుక్రవారము లక్ష్మీప్రదమైన దినము గనుక సరుకు విక్రయించరాదు, ఓడను కదిలించరాదు' అని ఉంది. ఆమె ఎందుకు ఖాళీగా వదిలిందో అతనికి తెలియదు. ఖాళీ చూసి, తన ఇంటి కారణం ఒకటి తెచ్చి అందులో పెట్టాడు.

"ఇది నాది మేడం" అంది.

"ఋజువు?"

నోటుబుక్కు అతని దగ్గరే ఉంది. ఆమె లేచి వచ్చేసింది.

రఘుపతి ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉన్నాడు. చాయ్ తాగుతున్నాడు.

"నా నోటుబుక్కు ఏది సార్?"

"ప్రెస్సుల ఏడనో పడ్డది. అయినా షంషూ, నీకు పేరెందుకు? ఏండ్లసంది ఊకున్నవ్ గద. ఇప్పుడేమొచ్చె?"

ఆ మాట ఆమెకు పుస్తకం పోయినదానికంటే ఎక్కువ తగిలింది. ఊరుకున్న ఏళ్ళన్నిటినీ అతను ఒప్పుకోలు కింద రాసుకున్నాడు. తాళంచెవి బల్ల మీద పెట్టి మెట్లు దిగింది. ఆరోజు బోర్డు తుడవలేదు.

మక్తల్‌లో కట్టె పట్టుకుని నడుస్తున్న ఫక్రుద్దీన్‌కు, కౌసల్య పాలమూరులో సంపాదించి తెచ్చిన నీలం పుస్తకం చదివి వినిపించారు. దేవరకద్ర పేరు రాగానే ముసలాయన ముఖం వికసించింది. శుక్రవారం దగ్గరికి వచ్చేసరికి చేయెత్తి ఆపమన్నాడు.

"గది నా జుమ్మా గద బిడ్డా. దాన్ని గూడ తీస్కపాయెనా?"

తన అరచేయి తిప్పి చూసుకున్నాడు. "నా చెయ్యి వట్టుకున్నడు గా పొద్దు. గా చెయ్యేనా గిది?"

కౌసల్య పుస్తకం మూసింది. "చాచా, వాడు ఒక్కటి తెల్వక చేసిండు. శుక్రారం పేజి మార్చిండు. సంతలు ఏ వరుసల తిరుగుతవో, ఏ దినం ఎందుకు తిరగవో ఆ మేడంకు నువ్వే చెప్పు. వాన్ని గూడ చెప్పనియ్యి జూద్దాం."

సోమవారం నాడు ముగ్గురూ బస్సెక్కి పాలమూరు పోయారు. ఫక్రుద్దీన్ జానమ్మ ఎదుట నిలబడి, పుస్తకంలోని చుక్కలన్నిటినీ తన సంతల వరుసలో చూడకుండా చెప్పాడు. శుక్రవారం ఎందుకు ఖాళీయో కూడా చెప్పాడు. జానమ్మ పేజీ మీద వేలుంచి చాలాసేపు వింది.

"నాకు నమ్మకం కలిగింది పెద్దాయనా. నా నమ్మకం ఫైల్ల పనికిరాదు. తండ్రి మాట, ఒక స్నేహితురాలి మాట చాలదంటరు. ఈమె దగ్గర నేర్చుకున్నోళ్ళు రాసియ్యాలె. నెలాఖరు దాక ఉద్యోగం ఆర్డరు ఆపుత, అంతకంటె నా చేతిల లేదు."

నెలాఖరుకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. షంషున్నీసా దగ్గర విద్యార్థుల పేర్ల జాబితా లేదు. రిజిస్టరు రఘుపతి బీరువాలో ఉంది. కౌసల్య తనకు తెలిసిన ఇళ్ళకు తిరుగుతోంది. ఇప్పటికి నలుగురు రాసిచ్చారు. ఇద్దరు భర్తలను అడిగి చెప్తామన్నారు. ఒకామె, "సార్ సంతకం పెట్టిన సర్టిఫికెట్టు చెల్లకుంట పోతదేమో" అని తలుపేసుకుంది.

అందుకే ఈ మాట మీతో. తొంభై నుంచి తొంభై ఏడు దాకా బస్టాండు దగ్గరి ఆ మేడ మీద మీరు నేర్చుకుని ఉంటే, మీ సర్టిఫికెట్ ఒకసారి తీసి చూడండి. సంతకం ఎవరిదైనా కానివ్వండి. మీ వేళ్ళను మొదటిసారి మీటల మీద పెట్టించింది ఎవరో గుర్తు చేసుకోండి. సర్టిఫికెట్టుకు ఏమీ కాదు, అది మీ కష్టానికి వచ్చింది. ఒక పోస్టుకార్డు మీద మీ పేరు, మీరు నేర్చుకున్న ఏడు, నేర్పిన మనిషి పేరు రాసి, పాలమూరు మహిళా కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో జానమ్మ గారికి వేయండి. మీరు అక్కడ నేర్చుకోకపోయినా, నేర్చుకున్నవాళ్ళు మీ వీధిలో ఉంటే వాళ్ళకు ఇది చదివి వినిపించండి. నీలం అట్ట పుస్తకం ఇంట్లో ఉంటే శుక్రవారం పేజీ తెరిచి, ఆ లక్ష్మి మాటను కొట్టేసి, పక్కన 'సంత లేదు' అని రాయండి. అట్ట మీద షంషున్నీసా అని రాయండి. కార్డు మాత్రం రేపటికి పెట్టకండి, ఇవాళే పోస్టు డబ్బాలో వేయండి.