ఇసుకలో పెట్టిన చెంబు

1957లో ఆళ్లగడ్డ దగ్గర మా పొగాకు చేనుకు మచ్చతెగులు తగిలింది. నంద్యాల కాలేజీలో సైన్సు చెప్పే మా బావ ఆ తెగులు ఆకులే కావాలంటే మూటలు కట్టి పంపించినాను.

ఎండలు ముదిరినాక ఒకరోజు వాళ్లింటికి పోయినాను. ఆకులు నూరి కుళ్లబెట్టిన కంపుతో ఇల్లంతా నిండిపోయింది. అక్క ఇంట్లో లేదు. తడి ఇసుకలో చెంబు కనపడింది. మా ఇండ్లల్లో చల్లగా ఉండాలని మజ్జిగ పెట్టేది అట్లనే. లోపల తెల్లగా, పల్చగా ఉంటే ఎత్తి గటగటా తాగినాను.

నోరంతా చీమిడి మాదిరి జిగురు, కుళ్లిన పొగాకు, పాడు పులుపు.

బావ ఉరికొచ్చి నా నోటికింద గిన్నె పెట్టినాడు. "దీంట్లో ఉమ్మప్పా, కింద పోనీయొద్దు."

అది కంటికి కనపడనంత చిన్న తెగులు పురుగు పైతొడుగంట. ముక్కలుగా విడగొట్టి కాస్త పులుపు చేరిస్తే, వాటంతటవే మళ్లా అతుక్కుంటాయంట. అందుకే తెల్లబడిందంట. మనుషులకేం కాదన్నాడు.

"నా కడుపులో గూడా అతుక్కుంటాయా బావా?"

బావ అబద్ధమాడే మనిషి కాదు. గిన్నెలోకే చూస్తా అన్నాడు.

"పులుపుండాల. కడుపులో ఉంటాది గదా."

నాకేం కాలేదు. అయినా ఆ పొద్దు నుంచి పుల్లమజ్జిగ ముట్టలేదు. లోపల మిగిలినవాటికి నేనెందుకు సాయం చెయ్యాల?