నెరిసి నల్లబడ్డ గడ్డం

వీధిలో అందరూ అతన్ని గడ్డాలాయన అంటారు. సొంత గడ్డం చూద్దామంటే నాలుగు పోచలకు మించి లేదు గానీ, సినిమాల్లో ఋషులకూ బిచ్చగాళ్లకూ గడ్డాలు తయారుచేస్తూ పాతికేళ్లుగా సంసారం లాక్కొస్తున్నాడు. సన్నటి వలగుడ్డ మీద ఒక్కో వెంట్రుకా ముడివేస్తూ కూర్చుంటే, వాళ్లమ్మ అటు తిరిగి అన్నం తినేది. "ఎవరి వెంట్రుకలో ఏమో, అన్నీ తెచ్చి నట్టింట్లో పోశాడు" అని ఆవిడ గోల. కొడుకు పని బాగుందన్న పాపాన ఏనాడూ పోలేదు.

ఇన్నాళ్లకు భక్తుల సినిమా ఒకటి వచ్చింది. ముగ్గురు మహాత్ముల కథ, గడ్డాలన్నీ ఇతనివే. అమ్మ తనంతట తానే "నన్నూ తీసుకెళ్లరా" అంది. ఎగిరి గంతేయాల్సింది పోయి, అతని గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే సినిమా చివర్లో అతను చేసిన తప్పొకటుంది. ఆ ముగ్గురిలో ముసలిస్వామి ఏటి ఒడ్డున పాడుతూ పాడుతూ ప్రాణం విడుస్తాడు. ఆ పాట సగం ఒకసారి తీశారు, మిగతా సగం వానలు వెలిశాక తీశారు. ఆ రెండోసారి హడావుడిలో తెల్లగడ్డానికి బదులు నడివయసు నల్లగడ్డం అంటించేశాడు. వేషం మునుపటిలాగే ఉందో లేదో చూసుకోవాల్సిన మనిషి ఆ రోజు రానేలేదు. సాయంత్రం సామాను సర్దుతుంటే, తెల్లగడ్డం డబ్బాకు కట్టిన దారం కట్టినట్టే ఉంది. ఎవరికీ చెప్పలేదు.

హాల్లో ముళ్ల మీద కూర్చున్నట్టుంది అతనికి. జనం స్వామిని చూస్తుంటే, అతను స్వామి చెవుల దగ్గర జిగురు చూస్తున్నాడు. రెండుసార్లు లేచి నిలబడ్డాడు.

"కాస్త కూర్చోవయ్యా బాబూ, స్వామి కనబడట్లేదు" అని వెనకాయన విసుక్కున్నాడు.

విరామంలో కాలుగాలిన పిల్లిలా తిరిగి వచ్చి, "తలనొప్పిగా ఉందమ్మా, వెళ్లిపోదాం" అన్నాడు.

"నీ తలనొప్పి తీసుకుని నువ్వు వెళ్లు. నేను స్వామిని సాగనంపి వస్తా."

పాట రానే వచ్చింది. సగంలో గడ్డం నల్లబడింది. అతను కళ్లు మూసుకుని నవ్వుల కోసం కాచుకున్నాడు. ఒక్క నవ్వూ వినబడలేదు. కళ్లు తెరిస్తే పక్కన అమ్మ చేతులు జోడించి ఉంది. బుగ్గలు తడిసిపోయాయి.

"చూశావురా? దేవుడు ఆయన ముసలితనం తీసేసి మరీ తీసుకెళ్లాడు" అంది. వెనకాయన ముక్కు చీదుకుంటున్నాడు.

బయట మెట్లు దిగుతూ ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుంది. "గడ్డాలు బాగున్నాయిరా. అచ్చం మొలిచినవే అనుకున్నాను."

పాతికేళ్లుగా ఆ మాట కోసమే కదా చూశాడు.

"ఆ చివర్లో నల్లబడింది మాత్రం నీ పని కాదు కదా?"

ఆవిడ కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తప్పు చెప్పేసుకుని హాయిగా ఊపిరి పీల్చుకోవాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా.

"కాదమ్మా" అన్నాడు. "అది నేను చేసింది కాదు."

"నాకు తెలుసులే" అంది ఆవిడ, పట్టుకున్న చెయ్యి వదలకుండానే. "నీకంత చేతనవుతుందా."