కూర్చోవడం కోసం నడక

నంద్యాల ఆసుపత్రిలో నన్ను మొదటిసారి బెల్టులకు వేలాడదీసిన రోజు సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొన్నాళ్లే అయింది. ఆళ్లగడ్డలో ఎన్నో రాతి విగ్రహాలను గొలుసు కప్పీతో పైకెత్తినవాణ్ణి. ఇప్పుడు నడుముకూ తొడలకూ పట్టీలు బిగించి నన్నూ అలాగే ఎత్తారు. కింద ట్రెడ్‌మిల్ తిరుగుతోంది. ఒంటి బరువులో సగం బెల్టులు మోస్తుంటే, ఆపరేషన్ అయిన మోకాలు బుద్ధిగా నడిచింది. విప్పగానే మూడడుగులకే మొరాయించింది.

"బాగా నడుస్తాండావన్నా," అంది ఫిజియోథెరపీ చేసే అమ్మాయి.

"నడిచి యాడికి పోవల్లమ్మా? నా పని కూచోని చేసేది. కింద ఎప్పుడు కూచుంటానో చెప్పు."

"ముందు నడకన్నా."

మా షెడ్డులో చెక్కే పని నేలమీదే. కాలు మడిచి, రాయికి ఆనుకుని కూర్చుంటేనే చెయ్యి నిలుస్తుంది. పైగా, దేవుడి ముందు నిలబడి సుత్తి ఎత్తకూడదన్నది నాయన నేర్పిన పద్ధతి. మోకాలు మడుచుకోకపోతే నేను శిల్పినే కాను. ఆ సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు.

నెల తిరిగేసరికి నా ఓపిక నశించింది. ఈ ఉపాయం మనకు తెలియనిదా అనుకున్నాను. షెడ్డులోని కప్పీకి, విగ్రహాలకు చుట్టే పట్టీలతోనే నన్ను కట్టించుకుని, తమ్ముణ్ణి గొలుసు పట్టుకోమన్నాను. మెల్లగా నేలకు దించితే కాలు దానంతటదే మడుచుకుంటుందని నా లెక్క.

"వద్దన్నా, అది రాయి కాదు, కాలు."

"దించురా!" అని గదిమాను.

దించాడు. మోకాలు సగం మడుచుకుందో లేదో, కళ్లు బైర్లు కమ్మాయి. మర్నాటికి గుమ్మడికాయంత వాచింది. కొరివితో తల గోక్కున్నాను. మళ్లీ నంద్యాల బస్సు, మళ్లీ బెల్టులు, మొదటి అడుగు నుంచి.

కొన్ని నెలలకు బెల్టులు లేకుండా నడిచాను. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను పాత ప్రశ్నే అడిగాను. ఈసారి ఆమె దాటవేయలేదు.

"కింద కూచునేంత మడుచుకోదన్నా, ఇంక."

"నేను చేసుకున్న దానివల్లేనా?"

"చెప్పలేనన్నా."

ఆళ్లగడ్డ బస్టాండు నుంచి కర్ర లేకుండా నడిచి వస్తుంటే తెలిసినవాళ్లంతా సంబరపడ్డారు. ప్రతి మెచ్చుకోలుకూ నా ఒళ్లు మండింది. షెడ్డులో, నేను సగంలో వదిలిన అమ్మవారిని తమ్ముడు నా ఛాతీ ఎత్తుకు వచ్చేలా దిమ్మె మీద నిలబెట్టి ఉంచాడు.

"ఎవరు పెట్టమన్నారురా ఆడ? దించు!"

వాడు దించలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి తిట్టి, నిలబడే ఉలి అందుకున్నాను.