చెద ముట్టని పుస్తకాలు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. చెబితే నవ్వుతారేమో. పుస్తకాలకు చెద పట్టిందని ఒక పిల్లతో అన్నాను, అంతే. దీనికింత బాధా అంటారు. మొదట్లో నేనూ అలాగే సర్ది చెప్పుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పని మాట, మీకు చెబుతున్నాను. మధ్యలో చదవడం ఆపేయకండి.

డెబ్భైల్లో మేం జంషెడ్‌పూర్‌లో, అగ్రికో క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా ఆయనకు ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. మా రవి హిందీ బడికి వెళ్లేవాడు. నేను తెలుగులో అడిగితే వాడు హిందీలో జవాబిచ్చేవాడు. వాణ్ని పుస్తకాల పురుగును చేయాలని నాకు పంతం. పెళ్లికి ముందు విజయనగరంలో, కంచం పక్కన పుస్తకం లేకపోతే ముద్ద దిగేది కాదు నాకు. వాడికీ ఆ రుచి ఒక్కసారి తగిలితే చాలు, జన్మంతా వదలదనుకున్నాను. ఊరికి వెళ్లినప్పుడల్లా పిల్లల కథల పుస్తకాలు కొని రైల్లో మోసుకొచ్చేదాన్ని. మధ్యాహ్నాలు వరండాలో చాప పరిచి, కథ మంచి పట్టులో ఉండగా ఆపేసి, మిగతాది నువ్వు చదువుకో నాన్నా అని వాడి చేతిలో పెట్టేదాన్ని. వాడు దాన్ని అక్కడే బోర్లించి గోళీలాటకు పరుగెత్తేవాడు.

అప్పుడు మెట్ల మీంచి ఒక గొంతు వచ్చేది. "తర్వాతేటయింది అమ్మగోరూ?" అని. అది పైడి. మా వైపు నుంచే వలసొచ్చి, మా క్వార్టర్ల వరసలో అంట్లు తోమే సూరమ్మ కూతురు. ఎనిమిదేళ్లుంటాయేమో, బడికి పంపలేదు. దానికి అక్షరాలు నేనే నేర్పాను. దాని మీద ప్రేమతో అని రాయబోతే చెయ్యి ఆగింది. కాదు. దాన్ని చూసైనా మా వాడికి రోషం వస్తుందని నేర్పాను. వాడికి రోషం రాలేదు. దానికి చదువొచ్చింది. ఏడాది తిరక్కుండానే, అక్షరాల కింద వేలు పెట్టుకోకుండా చదివేసేది. చదువుతూ చదువుతూ తనలో తనే నవ్వుకునేది.

ఒకరోజు మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ గుమ్మం బయటే ఆగిపోయారట, లోపల గడగడా చదువుతున్నది రవి అనుకుని. ఎంత సంబరంగా వచ్చారో! పైడిని చూసి నవ్వేశారు. నీ కష్టం ఊరికే పోలేదులే అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు పాపం. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నా కొడుక్కి కలిపిన ముద్ద ఎవరో లాక్కుని తిన్నట్టనిపించింది. ఎవరు లాక్కున్నారు? వాడు వదిలేస్తేనే కదా అది తిన్నది! ఆ పూట ఈ సంగతి నాకు తెలియలేదా? తెలిసే ఉంటుంది. తెలిసే, పుస్తకాలన్నీ ట్రంకు పెట్టెలో సర్ది తాళం వేశాను.

మర్నాడు పైడి వచ్చింది.

"పుస్తకాలకి చెద పట్టీసిందే. ఏటీ మిగల్లేదు," అన్నాను.

"అన్నీనా అమ్మగోరూ?"

"అన్నీను."

"సగం తిన్నవుంటే ఇయ్యండి. ఉన్నకాడికి సదూకుంటాను."

"చెత్తలో పారేశాను. పో."

వెళ్లింది. కాసేపటికి వంటింటి కిటికీలోంచి చూస్తే, క్వార్టర్ల వెనక చెత్తకుప్పను పుల్లతో కెలుకుతోంది. పిలవలేదు నేను. కిటికీ మూసుకున్నాను. సాయంత్రం గౌను ఒడినిండా వేపాకు పట్టుకుని మళ్లీ వచ్చింది.

"ఈసారి కొన్నవాట్లో ఇది ఎట్టండి, సెద రాదంట. పాపం, రవిబాబు సదూకోడానికి ఏటీ నేవు గదా!"

నా కొడుకు మీద అది జాలిపడింది. తాళంచెవి నా బొడ్లోనే ఉంది. అప్పుడైనా తీయొచ్చు. తీస్తే నా అబద్ధం బయటపడుతుంది, అంట్లు తోమే మనిషి కూతురి ముందు తల దించుకోవాలి. అదీ నా బాధ! వేపాకు తీసుకుని పంపేశాను. ఆ ఊళ్లో దానికి మరో తెలుగు పుస్తకం ఎవరిస్తారు? కొన్నాళ్లకు తల్లితో పాటు అంట్ల దగ్గర కూర్చుంది. నా ఇంటి అంట్లు కూడా తోమింది.

చాలా ఏళ్లకు బిష్టుపూర్ బజారులో కనిపించింది, చిన్న కూతుర్ని చేయిపట్టుకుని. నేను గుర్తుపట్టేలోపే వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టింది.

"ఈ అమ్మగోరే నాకు అచ్చరాలు నేర్పినారు," అంది కూతురితో. "పాపం, ఈరి పుస్తకాలన్నీ సెద తినీసింది."

"సబ్ ఖా గయా?" అన్నీ తినేసిందా అని హిందీలో అడిగింది ఆ చిన్నది, నా మొహంలోకి చూస్తూ.

అవునని తలూపాను. ఛీ! ఆ పసిదానికి కూడా అబద్ధమే.

ఏమైనా చదువుతున్నావా అని పైడిని అడిగాను. ఏ మొహం పెట్టుకుని అడిగానో!

"అచ్చరాలన్నీ మర్సిపోనానమ్మగోరూ," అని సిగ్గుపడింది. సిగ్గుపడాల్సింది అది కాదు.

రవి బాగానే ఉన్నాడు. మంచివాడు. పుస్తకం ముట్టడు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. చెదా లేదు, గిదా లేదు. నేనే దాచాను. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టాక ఊపిరి ఆడుతోంది, ఒట్టు. ఇంత ధైర్యం ఇప్పుడెలా వచ్చిందో అది కూడా చెప్పేస్తాను. పైడికి దీన్ని చదవడం రాదు. అందుకే రాయగలిగాను.