ఈయప్ప

తిరుపతిలో జలజీవశాస్త్రం ఎమ్మెస్సీ చదివేటప్పుడు నా పక్కన ఒక పాకాల పిల్ల కూర్చునేది. ఆ పిల్ల కంటికి నీళ్లలో కదిలేదంతా మగమనిషే. మైక్రోస్కోపులో కన్ను పెట్టిందంటే చాలు, "సూడండే, ఈయప్ప ఎట్ల ఈదతా ఉండాడో!" అని ఎగిరి గంతేసేది. పొట్ట కింద గుడ్లు మోసే రొయ్య కూడా ఈయప్పే.

"మగా ఆడా చూడకుండా ఇంకోసారి ఈయప్ప అన్నావంటే ప్రాక్టికల్ మార్కులు కోసేస్తా," అని మేడం బెదిరించింది.

ఆ వారమే పులికాట్ సరస్సు చూడ్డానికి తడ ఊరికి పోయినాం. అక్కడ జాలర్ల వలలో బొటనవేలంత సముద్రపు గుర్రం చిక్కింది. మేడం దాన్ని బకెట్ నీళ్లలో వేసి చూపించింది. పొట్ట బాగా ఉబ్బి ఉంది. మా పిల్ల వంగి చూసి, ఒళ్లు మరిచి అరిచింది.

"మేడం, ఈయప్ప కడుపుతో ఉండాడు!"

మార్కులు పోయినట్టే అనుకుని మేమంతా తలలు దించుకున్నాం. మేడం మాత్రం పగలబడి నవ్వింది.

"వీటిలో కడుపు మోసేది మగదేనమ్మా! ఇన్నాళ్లకు సరిగ్గా చెప్పినావు."

అంతలోనే ఆ పొట్టలోంచి వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు గుంపుగా బయటికొచ్చినాయి. మేం బకెట్ మీదికి ఎగబడినాం. మేడం రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"తోసుకోబాకండి! ఈయప్పకు కాన్పు అవతా ఉండాది!"